మొండి డిప్రెషన్‌కు వాడే కొత్త మందులు: ఏ ఇబ్బందిని ఓర్చుకోవాలి, దేనికి వెంటనే డాక్టరుకు చెప్పాలి?

ప్రశ్న: రాయగడ చెల్లెలు

పెద్దలందరికీ నమస్కారం. మాది రాయగడ. తాతల కాలంలో బొబ్బిలి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. మా అన్నయ్యకు 47 ఏళ్లు, బజారులో బట్టల కొట్టు ఉంది. కొన్నేళ్లుగా డిప్రెషన్‌తో బాధపడుతున్నాడు. మొదట ఎస్సిటలోప్రామ్ ఇచ్చారు. పూర్తి మోతాదులో నెలల తరబడి వాడినా తేడా కనిపించలేదు. తర్వాత వెన్లాఫాక్సిన్‌కు మార్చారు. నిద్ర కొంత కుదిరింది గాని, పొద్దున్నే కొట్టు తెరవాలన్న ఆసక్తి గాని, నలుగురితో మాట్లాడాలన్న కోరిక గాని తిరిగి రాలేదు. రెండు వేర్వేరు మందులను సరైన మోతాదులో, సరిపడినంత కాలం వాడినా తగ్గకపోతే దానిని చికిత్సకు లొంగని డిప్రెషన్‌గా లెక్కిస్తారని విశాఖపట్నంలో చూస్తున్న డాక్టరుగారు వివరించి, వెన్లాఫాక్సిన్‌కు తోడుగా అరిపిప్రజోల్ మొదలుపెట్టారు. దీనికీ తగ్గకపోతే కెటమిన్ సెలైన్ గాని, ముక్కులో కొట్టుకునే ఎస్‌కెటమిన్ స్ప్రే గాని ఆలోచిద్దామన్నారు.

అరిపిప్రజోల్ మొదలైన కొద్ది రోజులకే కొత్త బాధ వచ్చిపడింది. అన్నయ్య అన్నం ముందు కూర్చుంటాడు, రెండు ముద్దలు తిని లేచిపోతాడు. కొట్టులో గల్లా దగ్గర నిలబడి ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారుతూనే ఉంటాడు. రాత్రిళ్లు వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతూ ఉంటే చెప్పుల చప్పుడు తెల్లవారుజాము దాకా వినిపిస్తోంది. అడిగితే "కాళ్లు పీకేస్తున్నాయే, కూర్చోనివ్వడం లేదు" అంటున్నాడు. జబ్బు ముదిరిందని వదిన కంటతడి పెట్టుకుంటోంది. గాలి సోకిందేమో, తాయెత్తు కట్టిద్దామని అమ్మ అంటోంది. అన్నయ్యేమో మందులన్నీ ఒక్కసారిగా మానేస్తానంటున్నాడు. మళ్లీ విశాఖ వెళ్లవలసిన తేదీ ఇంకా దూరంలో ఉంది.

ఇది జబ్బు వల్ల వచ్చినదా, మందు వల్ల వచ్చినదా? అన్నయ్యకు బీపీ కూడా ఉంది, అమ్లోడిపిన్ వేసుకుంటాడు. అటువంటి మనిషికి కెటమిన్ ఇవ్వవచ్చా? ఇచ్చిన రోజే రైలెక్కి పార్వతీపురం మీదుగా ఇంటికి తిరిగి రావచ్చా? అనుభవం ఉన్నవారు, వైద్యం తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు: శ్రీకాకుళం మానసిక వైద్యుడు

అమ్మా, మనిషిని చూడకుండా నిర్ధారించి చెప్పడం సరికాదు. కాని మీరు రాసిన వివరాలను బట్టి ఇది అకథీసియా, అంటే మందు వల్ల ఒళ్లు కుదురుగా ఉండనివ్వని పీకులాట, కావచ్చునన్న అనుమానం బలంగా కలుగుతోంది. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే రావడం, బాధ ముఖ్యంగా కాళ్లలో ఉండడం, నడిస్తే కాస్త తెరిపి ఇవ్వడం, ఈ మూడూ కలిసి కనిపించినప్పుడు జబ్బు ముదిరిందని అనుకునే ముందు మందునే అనుమానించాలి. ఇది అరుదైన సంగతీ కాదు. డిప్రెషన్ మందుకు తోడుగా వాడేందుకు అరిపిప్రజోల్‌కు అమెరికాలో 2007లో అనుమతి వచ్చింది. అందుకోసం జరిగిన పరీక్షల్లో ఆ మందు తీసుకున్నవారిలో నూటికి 25 మందికి ఈ పీకులాట కనిపించగా, మందు లేని ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో నూటికి నలుగురికే కనిపించింది.

దీనిని ఓర్చుకోవలసిన ఇబ్బందుల జాబితాలో వేయవద్దని నేను గట్టిగానే చెబుతాను. అసలే మనసు కుంగి ఉన్న మనిషిని రాత్రింబవళ్లు ఒళ్లు కుదురుగా ఉండనివ్వకపోతే, ఆ బాధ భరించలేక చనిపోవాలన్న ఆలోచనలు కొత్తగా రావచ్చు, ముందే ఉంటే పెరగవచ్చు. అందుచేత వచ్చే తేదీ దాకా ఆగకుండా రేపే మీ డాక్టరుకు ఫోను చేసి, మాత్ర ఏ రోజు మొదలైందో, కాళ్ల బాధ ఏ రోజు మొదలైందో, రాత్రి ఎంతసేపు పడుకోగలుగుతున్నారో చెప్పండి. చనిపోవాలనిపిస్తోందా అని అన్నయ్యను నేరుగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా దగ్గరలోని పెద్దాసుపత్రికి తీసుకువెళ్లండి. డాక్టరు అందుబాటులోకి రాకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలీమానస్ 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి మాట్లాడవచ్చు.

డాక్టరుగారు మోతాదు తగ్గించవచ్చు, ఆ మాత్రను ఆపించవచ్చు, లేదా పీకులాట తగ్గడానికి, బీపీకి కూడా వాడే ప్రొప్రనొలాల్ వంటిది ఇవ్వవచ్చు. మా వైపు చాలా ఇళ్లలో ప్రొప్రనొలాల్ ఎవరో ఒకరి మాత్రల డబ్బాలో ఉంటుంది. అది చూసి మీరుగా ఇవ్వకండి. ఉబ్బసం ఉన్నవారికి అది ప్రమాదం, మీ అన్నయ్య ఇప్పటికే బీపీ మందు వాడుతున్నారు కూడా.

మందులన్నీ ఒక్కసారిగా మానేస్తానన్న మాట నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది. వెన్లాఫాక్సిన్ ఒంట్లో నుంచి త్వరగా వెళ్లిపోయే మందు. హఠాత్తుగా మానితే తల తిరగడం, వికారం, తలలో కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం, పీడకలలు, పట్టలేని చిరాకు వస్తాయి. ఇంట్లోవాళ్లు దానిని మళ్లీ జబ్బు ముదరడంగానే అర్థం చేసుకుంటారు. ఇబ్బంది పెడుతున్నది అరిపిప్రజోల్ అయితే మాట్లాడవలసింది దాని గురించే. వెన్లాఫాక్సిన్‌ను డాక్టరు చెప్పేదాకా ముట్టుకోవద్దు.

ఇక కెటమిన్ సంగతి. ఇది కొత్త పదార్థం కాదు. మత్తుమందుగా అమెరికాలో 1970లోనే అనుమతి పొందింది, మన దేశంలోనూ ఆపరేషన్ థియేటర్లలో ఏళ్ల తరబడి వాడుతున్నారు. డిప్రెషన్‌కు మత్తు మోతాదు కంటే బాగా తక్కువగా, సాధారణంగా కిలో బరువుకు అర మిల్లీగ్రాము చొప్పున 40 నిమిషాల పాటు నరం ద్వారా ఎక్కిస్తారు. దాని సంబంధిత మందు ఎస్‌కెటమిన్ స్ప్రేకు, మరో డిప్రెషన్ మాత్రతో కలిపి వాడేందుకు, అమెరికాలో 2019 మార్చిలో అనుమతి వచ్చింది. దానిని ఇంటికి ఇచ్చి పంపరు. ఆసుపత్రిలోనే, సిబ్బంది కళ్లముందే పీల్చి, తర్వాత కనీసం రెండు గంటలు అక్కడే ఉండాలి. మొదటి నాలుగు వారాలు వారానికి రెండుసార్లు, ఆ తర్వాత వారానికొకసారి, క్రమంగా ఇంకా దూరంగా ఇస్తారు. రాయగడ నుంచి అన్నిసార్లు రానూపోనూ ప్రయాణం, తోడు మనిషి, కొట్టు మూసుకోవడం, ఇవన్నీ లెక్కలోకి తీసుకున్నాకే ఒప్పుకోండి. మధ్యలో ఆగిపోయే చికిత్స మొదలుపెట్టించుకోవడం నాకు ఇష్టముండదు.

ఇచ్చిన గంట రెండు గంటల్లో కనిపించేవి తల తిరగడం, వికారం, మగత, మూతి చుట్టూ తిమ్మిరి, తాగినట్టు ఉండడం, తన ఒంటికి తాను దూరమైనట్టు అనిపించడం. ఇవి సాధారణంగా 40 నిమిషాల దగ్గర ఎక్కువై, ఆ పూటలోనే సర్దుకుంటాయి. బీపీ కూడా సుమారు 40 నిమిషాలకు పెరుగుతుంది, నాలుగు గంటల దాకా ఎక్కువగా ఉండవచ్చు. అందుకే ముందూ తర్వాతా కొలుస్తారు. ఆ రోజు బీపీ 140/90 దాటి ఉంటే ఇవ్వాలా వాయిదా వేయాలా అని డాక్టరు ఆలోచిస్తారు. బీపీ ఉన్నంత మాత్రాన పనికిరాదని కాదు, అది అదుపులో ఉండాలి. వెన్లాఫాక్సిన్ కూడా పెద్ద మోతాదులో బీపీని పెంచగలదు కాబట్టి ఇంటి దగ్గర కొలిచిన అంకెలు రాసి తీసుకువెళ్లండి. మెదడులో రక్తస్రావం జరిగినవారికి, రక్తనాళాలు ఉబ్బి ఉన్నవారికి మాత్రం ఎస్‌కెటమిన్ ఇవ్వకూడదు.

స్ప్రేకు రెండు గంటల ముందు నుంచి ఆహారం, అరగంట ముందు నుంచి నీళ్లు మానాలి, లేకపోతే వాంతి అయ్యే అవకాశం ఎక్కువ. రాత్రి బాగా నిద్రపోయి మర్నాడు లేచేదాకా బండి నడపకూడదు. పక్కన మనిషి ఉండగా రైల్లో కూర్చుని రావడం వేరు గాని, మొదటిసారి ఇచ్చిన రోజు రాత్రి విశాఖలోనే ఉండిపోవడం మంచిదని నా అభిప్రాయం.

ఆశ ఎంత పెట్టుకోవాలో కూడా చెప్పాలి. 2023లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం వచ్చింది. 676 మందిలో కొందరికి ఎస్‌కెటమిన్ స్ప్రేను, కొందరికి అరిపిప్రజోల్ లాగే తోడుగా ఇచ్చే క్వెటియాపిన్ మాత్రను, అందరికీ వాడుతున్న డిప్రెషన్ మాత్రతో కలిపి ఇచ్చి పోల్చారు. ఎనిమిదో వారానికి లక్షణాలు దాదాపు పూర్తిగా తగ్గినవారు స్ప్రే వాడినవారిలో నూటికి 27.1, క్వెటియాపిన్ వాడినవారిలో నూటికి 17.6. మెరుగైన ఫలితమే, కాదనను. కాని ఆ స్ప్రే వాడినవారిలోనూ నలుగురిలో దాదాపు ముగ్గురు అప్పటికి ఆ స్థితికి చేరలేదు. ఇది చివరి మెట్టు అన్నట్టుగా ఇంట్లో మాట్లాడుకోవద్దు. పనిచేయకపోతే ఇక దారే లేదని రోగి అనుకుంటారు. లిథియం అనే మందు ఉంది, అయస్కాంత తరంగాల చికిత్స ఉంది, కరెంటు చికిత్స ఉంది. కరెంటు చికిత్సను మత్తు, కండరాలు సడలించే మందు లేకుండా ఇవ్వడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది, దాని గురించి పాత సినిమాల భయం అక్కరలేదు. ఆ చికిత్సకు ముందూ వెనకా జరిగిన కొన్ని సంగతులు మరిచిపోవడం మాత్రం నిజం, అది ముందే చెప్పి చేయాలి.

ఒక్కమాట. ఏ కొత్త మందుకైనా ముందు థైరాయిడ్ పరీక్ష చేశారా, గతంలో ఎప్పుడైనా అతి ఉత్సాహంతో నిద్ర లేకుండా రోజులు గడిపారా, మద్యం అలవాటుందా అన్నవి డాక్టరుకు తెలిసి ఉండాలి.

జవాబు: బరంపురం అక్క

చెల్లీ, నేను బరంపురంలో ఉంటాను. నాకు కెటమిన్ సెలైన్ రూపంలో ఎక్కించారు. డాక్టరుగారు పైన చెప్పినవి ఒంటి మీదికి వస్తే ఎలా ఉంటాయో రాస్తాను. ముందుగా తెలిసి ఉంటే మీ అన్నయ్యకు భయం తగ్గుతుంది.

మంచం మీద పడుకోబెట్టి, ఒక చేతికి సూది, ఇంకో చేతికి బీపీ పట్టీ కట్టారు. ఆ పట్టీ కొద్దికొద్దిసేపటికి దానంతట అదే బిగుసుకుంటూ ఉండేది. కాసేపటికి పెదవులు తిమ్మిరెక్కాయి. పైన తిరుగుతున్న ఫ్యాను ఉన్నట్టుండి చాలా దూరం జరిగిపోయింది. దుప్పటి మీద ఉన్న నా చెయ్యి నాదేనని తెలుస్తోంది, కాని కదపాలన్న తలపు దానికి చేరడం లేదు. నర్సమ్మ పేరు పెట్టి పిలిస్తే ఆ గొంతు బావి అడుగు నుంచి వచ్చినట్టు వినిపించింది. మొదటిసారి ఆ స్థితిలో నేను చచ్చిపోతున్నాననుకుని గట్టిగా ఏడ్చాను. నర్సమ్మ నా మణికట్టు పట్టుకుని, "ఇది మందు పనే, ఇంకాసేపట్లో దిగిపోతుంది" అని ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పింది. దిగిపోయింది కూడా. తర్వాతి సార్లు కళ్లు మూసుకుని, గదిలో లైటు తగ్గించమని అడిగి పడుకున్నాను. చాలా తేడా కనిపించింది. మీ అన్నయ్యతో లోపలికి ఎవరైనా తెలుగు మాట్లాడే మనిషిని రానిస్తారేమో ముందే కనుక్కోండి. ఆ సమయంలో మాతృభాషలో ఒక మాట వినపడడం ఎంత ధైర్యమో నేను అనుభవించాను.

తిరిగి వచ్చేటప్పుడు ఆటో కుదుపులకు వాంతి అయ్యేది. ఆ పూట తల బరువుగా ఉండి ఎవరు పలకరించినా చిరాకు వచ్చేది. మర్నాటికి ఏమీ ఉండేది కాదు. మనసులో మార్పు నాకు చాలా త్వరగానే తెలిసింది: పొద్దున్న లేవగానే గుండెల మీద ఉండే బరువు లేదు. కాని అది అలాగే నిలిచిపోలేదు. వారం పది రోజుల్లో మళ్లీ తరుగుతూ వచ్చింది, అందుకే తిరిగి తిరిగి ఇచ్చారు. ఆ తరుగుదల గురించి ముందుగా ఎవరూ చెప్పకపోతే మనిషి రెండింతలు కుంగిపోతాడు. దయచేసి మీ అన్నయ్యకు ముందే చెప్పి ఉంచండి.

జవాబు: జయపురం మందుల కొట్టు

అక్కా, నేను కొరాపుట్ జిల్లా జయపురంలో మందుల దుకాణంలో ఫార్మసిస్టుని. డాక్టర్లు చెప్పినా జనం మర్చిపోయే విషయాలు కొన్ని మా గల్లా దగ్గర రోజూ చూస్తుంటాను.

డిప్రెషన్ మందు వాడుతున్నవారు దగ్గు సిరప్ అడిగేటప్పుడు ఆ సంగతి తప్పక చెప్పాలి. పొడి దగ్గు సిరప్‌లలో చాలావాటిలో డెక్స్‌ట్రోమెథార్ఫన్ ఉంటుంది. అది వెన్లాఫాక్సిన్ వంటి మందులతో కలిస్తే ఒంట్లో సెరటోనిన్ అనే, నరాల మధ్య సంకేతాలు మోసే రసాయనం మితిమీరవచ్చు. నొప్పులకు వాడే ట్రమడాల్‌తోనూ, మొండి క్షయకు ఇచ్చే లినెజోలిడ్‌తోనూ ఇదే ప్రమాదం. విపరీతమైన చెమటలు, వణుకు, విరేచనాలు, జ్వరం, కండరాలు అదరడం, మతి తప్పినట్టు మాట్లాడడం కనిపిస్తే మలేరియా అనుకుని ఇంట్లో కూర్చోకుండా మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకుని ఆసుపత్రికి వెళ్లాలి. ఇంకో విశేషం, అమెరికాలో 2022లో బుప్రోపియాన్‌తో కలిపి ఇదే డెక్స్‌ట్రోమెథార్ఫన్‌ను డిప్రెషన్ మందుగా అనుమతించారు. మందుగా డాక్టరు లెక్కపెట్టి ఇవ్వడం వేరు, సిరప్‌గా తెలియక తాగడం వేరు. బుప్రోపియాన్ ఉన్న మందును మూర్ఛ వచ్చినవారు వాడకూడదు.

వెన్లాఫాక్సిన్ మా దగ్గర ఒక్కోసారి అయిపోతుంది, కొత్త సరుకు రావడానికి రోజులు పడుతుంది. చివరి అట్ట చేతికి వచ్చిన రోజే తర్వాతిది తెప్పించమని చెప్పండి. పండగల్లో, సంతల్లో జీలుగు కల్లు, ఇప్పసారా పుచ్చుకునే అలవాటు ఉంటే డాక్టరు దగ్గర దాచవద్దు. కెటమిన్ మగతకు అది తోడైతే ఊపిరికే ఇబ్బంది రావచ్చు.

జవాబు: పర్లాకిమిడి మాస్టారు

నేను రిటైరైన ఉపాధ్యాయుణ్ణి. క్వెటియాపిన్ వాడుతున్నాను. నిద్ర పట్టించింది, మనసును నిలబెట్టింది, దానికి రుణపడి ఉన్నాను. కాని ఆకలి పట్టరానంత పెరిగింది. రాత్రి భోజనమయ్యాక కూడా వంటింట్లో డబ్బాలు వెతికేవాణ్ణి. నడుము కొలత పెరిగింది, తర్వాత షుగరు బయటపడింది. అదే తరహా మందు ఒలాంజపిన్‌తో ఇది ఇంకా ఎక్కువని మా డాక్టరుగారు చెప్పారు. ఇటువంటి మందు మొదలుపెట్టే రోజునే బరువు, నడుము కొలత, బీపీ, పరగడుపు షుగరు, కొలెస్ట్రాల్ చూసి రాసి ఉంచాలి, మూడు నెలలకు మళ్లీ చూడాలి. మొదటి అంకె లేకపోతే తర్వాత ఎంత పెరిగిందో ఎవరికీ తెలియదు.

మరొకటి, ఆడపడుచులు ఉన్న చోట రాయడానికి కొంత సంకోచించాను గాని, రాయక తప్పదు. ఎస్సిటలోప్రామ్, వెన్లాఫాక్సిన్ వంటి మందులతో దాంపత్య జీవితంలో కోరిక తగ్గడం, ఇతర ఇబ్బందులు చాలా మందికి వస్తాయి. మగవారు ఈ కారణంగా ఎవరికీ చెప్పకుండా మాత్రలు పక్కన పడేస్తారు. వదినగారిని గాని, అన్నయ్యను గాని డాక్టరు దగ్గర విడిగా మాట్లాడనివ్వండి. ఈ విషయంలో కొంత తక్కువ ఇబ్బంది పెట్టే మందులు ఉన్నాయి. వోర్టియోక్సెటిన్ అటువంటిదని అంటారు, దానితో మొదటి రోజుల్లో వికారం మాత్రం ఎక్కువ.

మళ్లీ రాయగడ చెల్లెలు

అందరికీ చేతులెత్తి నమస్కారం. మర్నాడే డాక్టరుగారికి ఫోను చేసి, తేదీలతో సహా చెప్పాను. చనిపోవాలన్న ఆలోచన ఉందా అని అన్నయ్యను అడగడానికి నాకు గొంతు పెగల్లేదు, వదిన అడిగింది. లేదన్నాడు, కాని ఈ కాళ్ల బాధ ఇలాగే ఉంటే ఏమవుతానో తెలియదన్నాడు. ఆ మాట కూడా ఉన్నది ఉన్నట్టు డాక్టరుగారికి చెప్పాం. అరిపిప్రజోల్ మోతాదు తగ్గించి, ఇంకో చిన్న మాత్ర ఇచ్చారు. ఇప్పుడు భోజనం పూర్తయ్యేదాకా పీట మీద కూర్చుంటున్నాడు. అమ్మ తాయెత్తు కూడా కట్టింది. మందు వేసుకుంటున్నాడు కదా అని మేమెవరం అడ్డు చెప్పలేదు.

ఒక సందేహం మిగిలింది. కెటమిన్ ఎక్కువ కాలం వాడితే మూత్రాశయం పాడవుతుందని ఎక్కడో చదివాను. నిజమేనా?

జవాబు: శ్రీకాకుళం మానసిక వైద్యుడు

ఆయన కూర్చుని భోజనం చేస్తున్నారని చదివి చాలా సంతోషించానమ్మా. వదినగారు అడగడం, మీరు ఆ మాటను దాచకుండా చెప్పడం సరైన పని.

మీరు చదివినది నిజమే. కెటమిన్‌ను మత్తు కోసం పెద్ద మోతాదుల్లో, ఏళ్ల తరబడి వాడినవారిలో మూత్రాశయపు పొర పుండ్లు పడడం, పదేపదే మూత్రానికి వెళ్లవలసి రావడం, మంట, రక్తం కనిపించడం నమోదయ్యాయి. ఆసుపత్రిలో కొలిచి ఇచ్చే మోతాదు దానికంటే బాగా తక్కువ, మధ్యలో విరామం కూడా ఉంటుంది. అయినా చికిత్స నెలల పాటు సాగేటట్టయితే ప్రతిసారీ మూత్రం గురించి అడగాలి. రద్దీలో అడగడం మరిచిపోతే మీరే గుర్తుచేయండి. రాత్రిపూట ఎన్నిసార్లు లేస్తున్నారో, మంట ఉందో లేదో మొదటి రోజుకు ముందే రాసి పెట్టుకోండి. ఆయన వయసులో షుగరు వల్ల గాని, ప్రోస్టేట్ వల్ల గాని ముందునుంచీ ఉన్న ఇబ్బందిని తర్వాత మందు మీద వేయకుండా, మందు వల్ల వచ్చినదాన్ని వయసు మీద వేయకుండా ఉండడానికి ఆ కాగితమే ఆధారం.